ఆకుపచ్చ రంగు కింద

డిటెక్టివ్ రస్ ఫాంటెనో అరెస్టు కాగితాన్ని రేవు ఆఫీసులో టేబుల్ మీద పరిచి ముడతలు అరచేత్తో సాఫు చేశాడు. చుట్టాలొచ్చే రోజున బల్ల మీద గుడ్డ పరిచే ఇల్లాలికి కూడా అంత శ్రద్ధ ఉండదు. కింద తన సంతకం ఒక్కటే మిగిలింది. దాన్ని కావాలనే మిగిల్చాడు, ఎదురుగా ఉన్న మనిషి కాసేపు చూసి భయపడుతుందని.

ఆ మనిషి లవోన్ ప్రేజాన్. పోర్ట్ డ్యూవాల్ రేవులో కంటైనర్లు ఎత్తే బండి నడుపుతుంది. సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె బండి కింద వెండెల్ పూల్ అనే ప్రభుత్వ తనిఖీదారు నలిగి చనిపోయాడు. ఇవాళ బుధవారం. బండి ముందుండే ఇనుమును గాల్లో వేలాడదీసి ఆమె తిండికి పోయిందనీ, అది జారి కిందున్న మనిషి మీద పడిందనీ ఫాంటెనో తేల్చేశాడు. సాయంత్రం అయిదింటికి జడ్జి లేచేలోగా ఆమెను కోర్టులో నిలబెడతానని పైవాళ్ళకి మాటిచ్చాడు. నిలబెడితే బండి నడిపే కార్డు ఆ క్షణమే పోతుంది, ఆ తర్వాత జైలు. లవోన్ మాత్రం కాగితం వంక చూడడం లేదు. గోడ గడియారం చూస్తోంది. మూడింటికి పిల్లల బడి వదులుతారు.

తలుపు తట్టకుండా లోపలికి వచ్చింది ఆర్లీన్ కూర్విల్. చేతిలో పాత తోలుసంచీ, చంకలో తిండి డబ్బా. రేవులకి కేంద్రం ఇచ్చే గ్రాంటు సొమ్ము దారి తప్పకుండా చూసే నిఘా ఆఫీసులో ఆమె ఇన్‌స్పెక్టరు. కొత్తవాళ్ళు ఆమెను చూసి చర్చి కోసం కేకులమ్మే కమిటీ మనిషి అనుకుంటారు. అలా అనుకున్నవాళ్ళలో కొందరు ఇంకా జైల్లోనే ఉన్నారు.

ఫాంటెనో లేచి నిలబడ్డాడు. అందులో మర్యాద కన్నా అలవాటు ఎక్కువ. చర్చిలో అతని తల్లి ఆర్లీన్‌కి ముందు వరసలో కూర్చుంటుంది.

"మిస్ ఆర్లీన్, మీరొచ్చింది కాగితాలు చూడ్డానికి. శవం నాది," అన్నాడు.

"ఉంచుకో రస్. నాకెందుకు? ఆ మనిషి ఏం చూస్తుండగా పోయాడో అది చెప్పు చాలు, నా దారిన నేను పోతా."

"ఏం చూస్తాడు, యంత్రాన్ని చూస్తున్నాడు."

"కింద దూరి?"

ఫాంటెనో జవాబుగా అయిదింటి గడువు గురించి చెప్పాడు.

వెండెల్ పూల్ ఈ రేవుకి రావడానికి కారణం చిన్నది, దాని వెనకున్న సొమ్ము పెద్దది. కరెంటుతో నడిచే కొత్త బళ్ళు కొనుక్కోమని కేంద్రం పోర్ట్ డ్యూవాల్‌కి గ్రాంటు ఇచ్చింది. సర్కారు సొమ్ముతో కొనే యంత్రం ఈ దేశంలోనే, ఈ దేశపు ఇనుముతోనే తయారవ్వాలి. దేశంలో దాన్ని చేసేవాడు ఒక్కడూ లేడని తేలితేనే మినహాయింపు దొరుకుతుంది, అప్పుడు ఓడలో తెప్పించుకోవచ్చు. రేవు డైరెక్టరు క్లైడ్ మెలాన్సన్ ఆ మినహాయింపు కోసం అర్జీ పెట్టాడు. అభ్యంతరాలుంటే చెప్పమని రాజధానిలో ప్రకటన వేశారు. అలాంటి ప్రకటనలు చదివేవాళ్ళు దేశం మొత్తం మీద నలుగురుంటారు, అందులో ముగ్గురు సగంలో నిద్రపోతారు. నాలుగోవాడు ఇదే ఊళ్ళో ఇనుప పనుల కార్ఖానా నడిపే హోలిస్ వింగేట్. నేను చేస్తున్నాను కదా, మినహాయింపు ఎందుకు అని అడ్డుపడి, రుజువుగా ఒక ఆకుపచ్చ బండిని తెచ్చి రేవులో నిలబెట్టాడు. సోమవారం లవోన్ నడిపింది దాన్నే. అది నిజంగా స్వదేశీ బండి అవునో కాదో చూసి చెప్పడమే వెండెల్ పని. అవునంటే మొత్తం ఆర్డరు వింగేట్‌ది. కాదంటే ఓడలది.

వెండెల్ ఏదీ చెప్పకుండానే పోయాడు.

లవోన్ రెండు రోజులుగా చెబుతున్నదే మళ్ళీ చెప్పింది. బండి ముందు స్తంభానికి ఒక పెద్ద ఇనుప చట్రం ఉంటుంది, కంటైనరు నెత్తిని నాలుగు మూలలా పట్టుకునేది అదే. భోజనాల కూత పడగానే ఆ చట్రాన్ని నేలకి దించింది, దిగింది, తాళం బండిలోనే వదిలింది. రేవులో అందరూ అలాగే వదులుతారు, తర్వాత ఎక్కేవాడు వెతుక్కోకుండా. షెడ్డుకి పోయి ప్లేటు పట్టుకుంది. సోమవారం కాబట్టి ఎర్ర చిక్కుళ్ళూ అన్నమూ.

"ఇనుము గాల్లో వదిలేసి తిండికొచ్చేవాణ్ణి ఈ రేవులో ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోరు, మేడమ్," అంది లవోన్. "మా నాన్న ఇక్కడే చేశాడు. నాకు బండి కంటే ముందు నేర్పింది అదే. చట్రం నేలకానిందాకా నేను మెట్టు దిగను."

"పైన కూర్చుంటే చట్రం కింద ఎవరున్నారో కనిపిస్తుందా?"

"అస్సలు కనపడదు. అందుకే కింద ఒకణ్ణి నిలబెట్టుకుంటాం."

బండిలో కదలికలన్నీ గుర్తుపెట్టుకునే యంత్రం ఉండాలి కదా అని ఆర్లీన్ అడిగింది. కొత్త బండి కాబట్టి అది ఇంకా బిగించలేదట. అలాగని చెప్పిందెవరంటే వింగేట్. క్యాబిన్‌లో సీటు ఎంత ముందుకుందో చూశారా అని కూడా అడిగింది. లవోన్ పొట్టి మనిషి.

"మా కుర్రాళ్ళు క్యాబినంతా జాగ్రత్తగా చూశారు," అన్నాడు ఫాంటెనో.

"సీటు జరుపుకుని, కూర్చుని చూశారా?"

ఫాంటెనో కిటికీలోంచి బయటికి చూశాడు.

ముఠా మేస్త్రీ ఆల్సీడ్ గిడ్రీని పిలిపించారు. వెడల్పాటి ముసలాయన. కుర్చీలో కూర్చుంటే కుర్చీ కనపడదు. లవోన్ భుజం తట్టి "కంగారుపడకే పిల్లా" అన్నాడు, "లేదు బాబాయ్" అంది ఆమె. సోమవారం ఏం జరిగిందో ఆల్సీడ్ తాపీగా చెప్పాడు. ఈ రేవులో హారన్ ఎవరూ ఊరికే కొట్టరు. దారికెవడైనా అడ్డొస్తే ఈల వేస్తారు, మరీ మొండివాడైతే తిడతారు. హారన్ మోగిందంటే మనిషికి దెబ్బ తగిలిందని అర్థం. ఓడ మీదున్నవాడైనా, మరుగుదొడ్లో ఉన్నవాడైనా పరుగెత్తుకు రావాల్సిందే. సోమవారం భోజనాల మధ్యలో రెండు కూతలు వినబడ్డాయి, పొట్టివి. ప్లేట్లు వదిలేసి ముఠా మొత్తం పరుగు తీసింది. షెడ్డు యార్డుకి ఆ చివర, బండి ఈ చివర. కంటైనర్ల వరసలు దాటుకుంటూ సగం దూరం వచ్చాక కాళ్ళ కింద నేల అదిరింది. వచ్చి చూసేసరికి వెండెల్ చట్రం కింద ఉన్నాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు.

ఫాంటెనోకి ఇది కొత్త కాదు. కంగారులో ముందువెనకలు తారుమారవుతాయన్నాడు. ముందు ఇనుము పడింది, చూసినవాడెవడో హారన్ కొట్టి, భయపడి పారిపోయాడు. పైగా లవోన్ వీళ్ళ మనిషి, యూనియన్ వాళ్ళు ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకోకపోతే ఆశ్చర్యపడాలి గానీ చెప్పుకుంటే ఏముంది?

"ఆ పారిపోయినవాడు మీ ముఠాలోవాడా, ఆల్సీడ్ గారూ?" అడిగింది ఆర్లీన్.

"మేమంతా షెడ్డులోనే ఉన్నాం. సోమవారం పూట చిక్కుళ్ళు వదిలేసి బయట తిరిగే వెధవ ఎవడు?"

సరిగ్గా అప్పుడు కిటికీ అవతల రెండు పొట్టి హారన్లు మోగాయి. ఆల్సీడ్ రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి సగం పైకి లేచాడు. తలతిప్పి బయటికి చూసి మళ్ళీ కూర్చున్నాడు. గేటు బయట, కార్లు నిలిపే చోట, ఒక ట్రక్కు వెనక్కి వస్తోంది. తలుపు మీద వింగేట్ కార్ఖానా పేరు.

ఆర్లీన్ ముసలాయన చేతుల వంక చూసింది, ట్రక్కు వంక చూసింది. తిండి డబ్బా మూత తీసి, అందులో ఉన్న బూడాన్, అంటే అన్నమూ మాంసమూ కూరిన సాసేజి, ముక్కలు అందరి ముందుకీ తోసి, తనూ ఒకటి తీసుకుంది. ఏదైనా తోచినప్పుడు ఆమెకి ఆకలేస్తుంది.

డైరెక్టర్ మెలాన్సన్ గది పై అంతస్తులో ఉంది. కిటికీలోంచి యార్డు అంతా కనిపిస్తుంది. వరసగా నీలం రంగు బళ్ళు, ప్రతి దాని మీదా తెల్లటి పెలికాన్ పక్షి బొమ్మ, వాటి మధ్య వింగేట్ తెచ్చిన ఆకుపచ్చది ఒక్కటి, పోలీసు రిబ్బను చుట్టుకుని. కాఫీ కప్పుల మీద కూడా పెలికానే. ఈ రేవులో ఓడ దిగి రాని యంత్రం ఒక్కటీ లేదనీ, రంగూ పక్షీ మాత్రమే మనం వేసుకున్నవనీ మెలాన్సన్ నవ్వుతూ చెప్పాడు. దేశంలో ఎవడూ చెయ్యని వస్తువుని దేశంలోనే కొనమంటే ఎలాగని ఆమెనే అడిగాడు. అలా అడుగుతున్నప్పుడు చచ్చిపోయిన మనిషి కోసం చూపించాల్సినంత విచారం కూడా చూపించాడు.

"ఆ అమ్మాయిని వదిలెయ్యమనండి, మిస్ ఆర్లీన్. పాపం, తప్పు బండిది. పైపైన చూసి మోసపోకండి, అంతే నేను చెప్పేది."

"పైపైన అంటే?"

"ఊరికే అన్నా," అన్నాడు మెలాన్సన్. కాఫీలో పంచదార వేసుకున్నాడు. అంతకుముందే ఒకసారి వేసుకున్నాడు.

కింద వరండాలో హోలిస్ వింగేట్ టోపీ చేత్తో పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. పెద్ద చేతులు, శుభ్రమైన గోళ్ళు. అతని మాట వేరు. బండి బంగారం. అందులో చిన్న మేకు కూడా ఈ గడ్డ మీద పుట్టిందే. తన కార్ఖానాలో ఇప్పటిదాకా ఒక్క పనివాడికీ వేలు తెగలేదు, జాగ్రత్త అంటే అలా ఉంటుంది. ఆ అమ్మాయి పరధ్యానంగా దిగిపోయింది, పిల్లలు గలది, ఏదో ఆలోచనలో ఉండి ఉంటుంది, ఆమె మీద తనకి కోపం లేదు. సోమవారం భోజనాల వేళ తనెక్కడున్నాడంటే, గేటు బయట ట్రక్కులో కూర్చుని పోబాయ్, అదే రొయ్యలు కూరిన పొడుగు రొట్టె, తింటున్నాడు. గోల విని, సగం తిన్నది చేత్తో పట్టుకునే వచ్చాడు.

అది నిజమేనని ఫాంటెనో మధ్యలో అందుకున్నాడు, తను వచ్చేసరికి అతని చేతిలో రొట్టె ఇంకా ఉందట.

"సగం తిన్నదేనా?" అంది ఆర్లీన్.

ఫాంటెనో ఆలోచించాడు. "కాగితం ఇంకా విప్పలేదు."

వింగేట్ నవ్వి, ఆకలి చచ్చిపోయిందన్నాడు.

ఆర్లీన్ ఫాంటెనోని వరండా చివరికి లాక్కుపోయింది. చర్చిలో అల్లరి పిల్లల్ని బయటికి తీసుకుపోయే పట్టు అది.

"రస్, బండిది తప్పని తేలితే ఎవరికి లాభం?"

"మెలాన్సన్‌కి. మినహాయింపు వచ్చేస్తుంది."

"బండి బాగుంది, నడిపే మనిషిదే తప్పని తేలితే?"

ఫాంటెనో జేబులో ఉన్న అరెస్టు కాగితాన్ని తడుముకున్నాడు.

"ఆ కాగితం మీద నువ్వు సంతకం పెడితే ఇవాళ సాయంత్రానికి వింగేట్ బండికి మచ్చ పోతుంది. ఇంత పని చేసిపెడుతున్నావు, అతని దగ్గర కూడా జీతం అడుగు."

ఫాంటెనో ముఖం ఎర్రబడింది. తను చిన్నపిల్లాణ్ణి కాననీ, కేంద్రం వాళ్ళు విమానం దిగి ఊళ్ళోవాళ్ళకి పాఠాలు చెప్పడం ఇదేమీ మొదటిసారి కాదనీ, అనుమానాలతో జడ్జి ముందుకు వెళితే ఆయన భోజనానికి లేస్తాడనీ అన్నాడు. ఆమె దగ్గర రుజువుంటే చూపించాలి. లేకపోతే తప్పుకోవాలి. ఆమె విమానంలో రాలేదు, తన కారులోనే వచ్చింది, ఆ సంగతి మాత్రం సరిదిద్దింది.

"చనిపోయిన మనిషి జేబులో దొరికినవి ఒకసారి చూపించు."

సంచీ తెచ్చి చూపించాడు. పర్సు, పెన్ను, కళ్ళజోడు, చిన్న టార్చి, గడ్డం గీసుకునే అద్దం. ఆర్లీన్ అద్దం పైకి తీసింది. సన్నటి కడ్డీ చివర నాణెమంత గుండ్రటి అద్దం, పళ్ళ డాక్టరు నోట్లో పెట్టేలాంటిది.

"గడ్డం గీసుకునేదని రాశావా?"

"మరేంటది?"

"వెండెల్ పూల్‌కి ఛాతీ దాకా గడ్డం ఉంది, రస్."

ఫాంటెనో సంచీలోకి చూశాడు, అందులో ఇంకేదైనా మంచి జవాబు ఉందేమోనని. వెండెల్ గోళ్ళ సందుల్లో ఆకుపచ్చ రంగు పెచ్చులున్నాయని డాక్టరు చెప్పిన సంగతి అప్పుడు చెప్పాడు. ఆకుపచ్చ బండి మీద పడితే ఆకుపచ్చ రంగు అంటుతుంది, అందులో వింతేముందని అప్పటిదాకా చెప్పలేదు. మీద పడ్డ ఇనుము గోళ్ళ కిందకి రంగు తోయదు, గీకితేనే చేరుతుంది, అంది ఆర్లీన్. ఎవరో అడుగున చూడమని చెప్పినట్టు అద్దం కూడా వెంట తెచ్చుకున్నాడు. ఆ చట్రం అడుగున ఏదో ఉంది. భోజనాల వేళ ముగిసేదాకా టైమివ్వమని అడిగింది. ఫాంటెనో ఇచ్చాడు. అడిగిన తీరు చూస్తే ఇవ్వకపోతే ఆదివారం చర్చిలో అమ్మకి చెబుతుందేమోనని అనిపించింది.

ఆ చట్రం ఎత్తించడానికి కావలసినవి మూడు. మొదటిది ఆల్సీడ్ అనుమతి. యూనియన్ కార్డు లేనివాడు లివర్ ముట్టుకుంటే, వాడు గవర్నరైనా ఒప్పుకోనన్నాడు ముసలాయన.

"మీరు తిండి దగ్గరుంటే?"

"తిండి దగ్గరుంటే ప్లేటు తప్ప ఇంకేం కనపడదు మాకు."

"సోమవారం కూడా అంతేగా," అంది ఆర్లీన్. ఆల్సీడ్ షెడ్డు వైపు నడిచాడు.

రెండోది వింగేట్. బండిని అందరూ ఆడిపోసుకుంటున్నారు కాబట్టి ఒక్కసారి చట్రం ఎత్తి కదలకుండా నిలిపి చూపిస్తే, బండి బాగుందని తన రిపోర్టులో రాసుకుంటానంది. అతనికి సంతోషమైంది. రేవు మనుషుల చేత ఎత్తిస్తే మళ్ళీ గొడవ కాబట్టి స్వయంగా ఎత్తమంది. ఎత్తాక అడుగున కూడా ఒకసారి తొంగిచూస్తాను, ఆనవాయితీ అంతే, అని చివర్లో కలిపింది. వింగేట్ టోపీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారింది. తప్పకుండా చూడండి మేడమ్, అన్నాడు.

మూడోది లవోన్ తనే అడిగింది. ఓడల్లో సరుకు కింద పరిచే దుంగలు నాలుగు యార్డులో ఉన్నాయి, వాటిని చట్రం కింద నిలబెట్టనిస్తేనే మీరు అడుగుకి వెళ్ళాలంది.

"లేదంటే ఇప్పుడే తీసుకుపొమ్మనండి నన్ను. ఆ ఇనుము కింద ఇంకో మనిషి పోతే నేను చూడలేను."

ఫాంటెనో తన కుర్రాళ్ళిద్దర్ని ఆమెకి సాయం ఇచ్చాడు. అరెస్టు చెయ్యబోయే మనిషి చెప్పినట్టు తన పోలీసులు దుంగలు మోస్తుంటే ఎటు చూడాలో అతనికి తెలియలేదు.

భోజనాల కూత పడింది. ముఠా షెడ్డులోకి పోయింది, తలుపు మూసుకుంది. యార్డులో చప్పుడు తగ్గింది. లవోన్, పోలీసు కుర్రాళ్ళు స్తంభం పక్కన, క్యాబిన్‌కి కనపడని చోట దుంగలతో నిలబడ్డారు. ఆర్లీన్ అద్దమూ టార్చీ పట్టుకుని చట్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. వింగేట్ మెట్లెక్కి, సీట్లో సర్దుకుని, తాళం తిప్పాడు.

రెండు పొట్టి హారన్లు మోగాయి.

మోటారు మూలిగింది, చట్రం లేచింది. నడుము ఎత్తున ఆగింది. లవోన్, కుర్రాళ్ళు దుంగలు లోపలికి తోసి నిలబెట్టారు. ఆర్లీన్ వెల్లకిలా పడుకుని లోపలికి జరిగింది.

"మిస్ ఆర్లీన్," అన్నాడు ఫాంటెనో. షెడ్డు వైపు చెయ్యి చూపించాడు. "వీళ్ళకేమైంది?"

యార్డు ఆ చివర షెడ్డు తలుపు భళ్ళున తెరుచుకుంది. ముందు ఆల్సీడ్, మెళ్ళో తిండి గుడ్డ ఊగుతోంది, చేతిలో స్పూను అలాగే ఉంది. వెనకాల ముఠా మొత్తం. ఎవరూ మాట్లాడడం లేదు, పరుగెత్తుకొస్తున్నారు.

"ఎవరికో దెబ్బ తగిలిందనుకుంటున్నారు," అంది ఆర్లీన్ కిందనుంచి. "సోమవారం కూడా ఇలాగే అనుకున్నారు. అప్పటికింకా ఎవరికీ తగల్లేదు."

ఫాంటెనో తల నెమ్మదిగా పైకి ఎత్తి క్యాబిన్ వైపు చూశాడు. ఇనుము కదిపే ముందు రెండు కూతలు కొట్టే మనిషి రేవులో లేడు. కార్ఖానాలో ఉన్నాడు, పనివాళ్ళ వేళ్ళు తెగకుండా ఇన్నేళ్ళు కాపాడుకొచ్చాడు. ట్రక్కు వెనక్కి తీసినా అతని బొటనవేలు అదే పని చేస్తుంది. సోమవారం వెండెల్ కోసం చట్రం ఎత్తినప్పుడూ అదే చేసింది.

ఆర్లీన్ టార్చి వెలిగించి అద్దం పైకి పెట్టింది. ఆకుపచ్చ రంగు మీద గోటిగీతలు, వాటి చుట్టూ రంగు లేచిపోయి ఉంది. వెండెల్ ఇక్కడిదాకా వచ్చాడు. ఆ గీతల కింద ఇంకో రంగు. ఆ రంగు మీద తెల్లగా, వంకరగా ఏదో మొదలై ఆకుపచ్చలోకి దూరిపోయింది. ఆమె తన గోటితో ఇంకాస్త గీకింది.

ముఠా వచ్చేసింది. ఆల్సీడ్ రొప్పుతూ చుట్టూ చూశాడు, దెబ్బ తిన్న మనిషి ఎవరూ కనపడలేదు. క్యాబిన్ వైపు చూసి, కార్డు లేని ముఖాన్ని గుర్తుపట్టాడు.

"హారన్ కొట్టింది నువ్వా?" అని అడిగాడు. "సోమవారం కూడా నువ్వేనా?"

వింగేట్ గాజులోంచి కిందకి చూశాడు. గుంపు చూశాడు, ఫాంటెనో ముఖం చూశాడు, తర్వాత తన బొటనవేలు చూసుకున్నాడు. అది ఇంకా హారన్ మీదే ఉంది. దాన్ని అక్కణ్ణించి తీసి లివర్ మీద పెట్టాడు.

ఈసారి హారన్ మోగలేదు.

చట్రం పడింది. దుంగలు నాలుగూ ఒక్కసారి మూలిగాయి, ఒకటి నిలువునా చీలింది, మూడు ఆగాయి. దుమ్ము లేచింది. లవోన్ ఆర్లీన్ చీలమండలు రెండూ పట్టుకుని, గోనెబస్తాని లాగినట్టు బయటికి లాగింది. ఫాంటెనో అప్పటికే పిస్తోలు తీసి మెట్ల మీద ఉన్నాడు. వింగేట్ ఎదురు తిరగలేదు. రెండు చేతులూ గాజుకి ఆనించి, చీలి పక్కకి పడ్డ దుంగ వంక చూస్తూ కూర్చున్నాడు, ఎవరో తన కార్ఖానాలో పనిముట్టు పాడుచేసినట్టు.

అతన్ని దించి సంకెళ్ళు వేశాక ఫాంటెనో జేబులోంచి అరెస్టు కాగితం తీశాడు. ఇప్పుడు దానికి ముడతలు పడ్డాయి. లవోన్ ముందే నాలుగుగా చింపాడు. మాట్లాడడానికి ఏమీ దొరక్క, మూడింటికి బడి దగ్గర దింపాలా అని అడిగాడు. లవోన్ తన బస్సులోనే పోతానంది. ఒక నిమిషం ఆగి, దుంగలు మోసిన కుర్రాళ్ళకి భోజనం పెడతారు షెడ్డులో, పంపించండి, అంది.

ఆర్లీన్ నేల మీదే కూర్చుని జుట్టులో దుమ్ము దులుపుకుంటోంది. అద్దం పగిలిపోయింది. డబ్బా ఎక్కడుందని అడిగింది. ఆకలేస్తోందట.

"అడుగున ఏముంది?" అన్నాడు ఫాంటెనో పక్కన కూర్చుంటూ. "విదేశీ అక్షరాలా?"

"అక్షరాలెందుకు? పక్షి ముక్కు."

"ఏంటి?"

"ఆకుపచ్చ కింద నీలం రంగు. నీలం మీద తెల్ల పెలికాన్ ముక్కు."

ఫాంటెనో చుట్టూ చూశాడు. యార్డు నిండా నీలం బళ్ళు, ప్రతి దాని మీదా అదే పక్షి. ఓడ దిగిన ఇనుము, ఈ రేవు రంగు. వింగేట్ దాన్ని ఎక్కడా చెయ్యలేదు, కొన్నాడు. ఈ రేవులోనే కొన్నాడు. రేవులో పాత చట్రం గేటు దాటాలంటే ఒక్క మనిషే ఒప్పుకోవాలి.

"వింగేట్ వల్ల ఆగిపోయేది మెలాన్సన్ మినహాయింపే కదా," అన్నాడు నెమ్మదిగా. "శత్రువుకి తనే చట్రం అమ్ముతాడా?"

"దొరికిపోయే చట్రమైతే అమ్ముతాడు. అమ్మాక, అడుగున చూడమని ఒక తనిఖీదారు చెవిలో వెయ్యాలి, అంతే. ఊళ్ళో ఒక్కడున్నాడు చేస్తానన్నవాడు, వాడూ దొంగేనని తేలితే మినహాయింపుకి ఇక అడ్డేముంది?" ఆర్లీన్ పగిలిన అద్దం కడ్డీని వేళ్ళ మధ్య తిప్పింది. "కింద దూరిన మనిషి మీద వింగేట్ ఇనుము వదులుతాడని ఆయన అనుకుని ఉండడు. సోమవారం దాకా."

"మరి ఇవాళ తెలుసా?"

ఆర్లీన్ కడ్డీని నేల మీద పెట్టింది. వెండెల్ అక్కడే పోయాడని తెలిసి కూడా, ఆమెను కిందకి వెళ్ళి చూడమన్నట్టు మాట్లాడినవాడు ఇవాళ ఒక్కడే. పైపైన చూసి మోసపోకండి అన్నాడు.

ఇద్దరూ తలెత్తి పై అంతస్తు వైపు చూశారు. కిటికీ దగ్గర చేతిలో కాఫీ కప్పుతో మెలాన్సన్ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో గానీ కప్పు వంగిపోయి, కాఫీ చొక్కా మీద కారుతున్నా చూసుకోవడం లేదు. వాళ్ళు తననే చూస్తున్నారని అతనికి తెలిసింది.

కిటికీ తెర, ఏ హారనూ లేకుండా, మెల్లగా కిందకి దిగింది.